విండోస్ 10 కత అయిపాయ.. నెట్ షాపులో లినక్స్ ఎక్కిస్తే నడుస్తాదా?

జిరాక్స్_సీనా
అనంతపురం సప్తగిరి సర్కిల్ తావ చిన్న నెట్, డీటీపీ, జిరాక్స్ షాపు నాది. ఐదు సిస్టాలు ఉండాయి. ఒకటి కొత్తది. మిగిలిన నాలుగూ ఆరో తరం ఐ3లు, సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చినవి, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కులు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపాయ కదా. 11 ఎక్కిద్దామంటే ఈ ప్రాసెసర్లు పనికిరావంట, ఎనిమిదో తరం ఉండాలంట. సిస్టాలు అమ్మే ఆయన్ని అడిగితే "నాలుగూ మార్చేయప్పా, లక్ష అయితాది" అన్నాడు. కాపీ రెండు రూపాయల లెక్కన యాభై వేల జిరాక్సులు. ఆ రాత్రి నిద్ర పట్టలా.

మా మేనల్లుడేమో "విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకో మామా, ఒక్క రూపాయి ఖర్చు లేదు" అంటాడు. వాడు ఇంజినీరింగ్ చదువుతాండాడు, వానికి షాపు గల్లా మీద కూర్చున్న అనుభవం లేదు. నా పనులు ఇవి: ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు, స్కానింగు, పాస్‌పోర్టు ఫొటోలు, తెలుగు డీటీపీ (పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు), వేలిముద్ర పెట్టించి డబ్బులు ఇచ్చేది. ఇవన్నీ అయితాయా? వాడినోళ్లు చెప్పండి. వీడియోలు చూసినోళ్లు వద్దు.

కొండారెడ్డి_బురుజు
కొన్ని అయితాయి, కొన్ని కావు. తెలుగు డీటీపీ అనూ ఫాంట్లలోనా, ఫోన్లో, నెట్‌లో కనపడే మామూలు తెలుగు యూనికోడ్‌లోనా? ముందు అది చెప్పు.

జిరాక్స్_సీనా
అనూ లేకుండా డీటీపీ ఏందన్నా. పేజీలు కూర్చేది పేజ్‌మేకర్‌లో, అక్షరాలు అనూవి. పదిహేడేండ్ల ఫైళ్లు ఉండాయి. పోయినేడు అచ్చేసిన పత్రికలో పేర్లు మార్చి ఈ ఏడు అమ్ముకునే బతుకు మాది.

కొండారెడ్డి_బురుజు
అయితే ఆ సిస్టం జోలికి పోవద్దు. ఎందుకో చెప్తా, ఓపికుంటే చదువు.

అనూ ఫాంట్లో నీకు తెరమీద "క" అని కనిపించేది లోపల తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినారు. అందుకే ఫాంట్ మార్చినావంటే అంతా గజిబిజి ఇంగ్లీషు అయిపోతాది. ఆ బొమ్మలను కీబోర్డు నుంచి పిలిచేదానికి వేరే ప్రోగ్రాం కావాల. అది విండోస్‌కు రాసింది. నేను కర్నూల్లో రెండు వారాలు కుస్తీ పట్టినా. వైన్ అని ఒకటుంది, విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపిస్తాది. దాంట్లో పేజ్‌మేకర్ తెరుచుకునింది, పాత ఫైలు కూడా కనపడింది. టైపు చేద్దామని కూర్చుంటే తెలుగు రాలా. చూసుకునేదానికి పనికొచ్చింది, పని చేసుకునేదానికి కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటి సాఫ్టువేరును మనం ఇంకా మోస్తాండామంటే తప్పు లినక్స్‌ది కాదులే, కానీ కస్టమర్‌కు ఆ మాట చెప్పలేం కదా.

టెర్మినల్_తిక్కోడు
బురుజన్నా, ఇట్ల ఇంకో ఇరవై ఏండ్లు మోస్తూనే ఉందామా? యూనికోడ్‌కు మారిపోవాల. స్క్రైబస్ అని పేజ్‌మేకర్ లాంటిదే ఉచితంగా ఉంది, దాని 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగా పడుతున్నాయి. ఫాంట్లు లేవనేది పాత మాట. రామభద్ర, మండలి, సురవరం, గిడుగు, ఎన్టీఆర్, రవిప్రకాష్, అన్నీ ఉచితం. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రాం వేసి ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు పద్ధతులు కూడా వస్తాయి. ఇంకేం కావాల?

ఆల్బం_అన్వర్
తిక్కోడూ, నువ్వు ఎప్పుడన్నా పెండ్లి పత్రిక చేసినావా? ఆడపిల్ల తండ్రి పక్కన కూర్చుని "ఆ తోక తిరిగిన అక్షరాలు పెట్టు నాయినా, మా అన్న బిడ్డ పత్రికలో ఉన్నేవి" అంటాడు. ఆ తోక అనూలో ఉంది. నీ రామభద్ర బ్యానర్‌కు బాగుంటాది, పత్రికకు కాదు.

టెర్మినల్_తిక్కోడు
తోక కోసం 2001లో ఆగిపోతారా?

ఆల్బం_అన్వర్
తోకకే డబ్బులిస్తారప్పా!

హాస్టల్_పిల్లోడు
మేనల్లుడి తరఫున నేను వచ్చినా. సీనన్నా, 4 జీబీ ర్యామ్ అంటున్నావు కాబట్టి మింట్‌లో బరువైన సిన్నమన్ రకం వద్దు, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకో. మింట్ 22 అయితే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నా ల్యాప్‌టాప్ మా అక్క డిగ్రీలో కొన్నది, 2014 నాటిది. ఫ్యాన్ ఒకటే రోడ్డు రోలర్ మాదిరి మోగుతుంది గానీ, సీ ల్యాబు, పైథాన్, రికార్డులు అన్నీ దాని మీదే. సీ ప్రోగ్రాములకు కావాల్సిన జీసీసీ కంపైలర్ ఒక్క లైనుతో వచ్చేస్తుంది.

ఒక్క మాట నిజం చెప్పాల. లినక్స్ తేలికే గానీ బ్రౌజర్ తేలిక కాదు. స్టార్టయినప్పుడు ఏడెనిమిది వందల ఎంబీ తీసుకుంటుంది, బాగుందనుకుంటావు. తర్వాత ఏ అప్లికేషన్ సైటో నాలుగు ట్యాబుల్లో తెరిచినావంటే విండోస్‌లో ఎంత తినేదో ఇక్కడా అంతే తింటుంది.

ఏడురోడ్లు_సర్వీస్
కడపలో రిపేర్ షాపు నాది. అందరూ ఓఎస్ గురించి కొట్లాడుకుంటాండారు, అసలు రోగం హార్డ్‌డిస్క్. సీనా, ఏ ఓఎస్ వేసుకున్నా సరే, ముందు ఆ హార్డ్‌డిస్కులు పీకి వాటికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు వెయ్. ఇంకో 4 జీబీ ర్యామ్ కడ్డీ దొరికితే పెట్టు. నా దగ్గరికి "లినక్స్ ఏసినాక విమానం మాదిరి పోతాంది" అని వచ్చినోళ్లలో సగం మంది అదే రోజు ఎస్‌ఎస్‌డీ కూడా ఏసుకోనుంటారు. మెచ్చుకునేది మాత్రం లినక్స్‌ను.

హాస్టల్_పిల్లోడు
ఆ సగం మందిలో నేనూ ఉన్నా, ఒప్పుకుంటున్నా.

అకౌంట్ల_ఆది
ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లకు లెక్కలు రాస్తా. మూడు ముక్కల్లో చెప్తా. టాలీ ప్రైమ్ విండోస్‌కు చేసినది. నా డిజిటల్ సంతకం టోకెన్, ఫైలింగ్‌కు వాడే సంతకం సాఫ్టువేరు, రెండూ విండోస్ మీదే నాకు సక్రమంగా నడిచినాయి. ప్రతి నెలా 20వ తేదీ గడువు ముందు రాత్రి పదిన్నరకు నేను డ్రైవర్ వెతుక్కుంటూ కూర్చోలేను. లినక్స్ చెడ్డదని కాదు, నా పనికి అది వచ్చేదానికి ఇంకా టైముంది.

టెర్మినల్_తిక్కోడు
లినక్స్ లోపలే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో విండోస్ పెట్టుకుని దాంట్లో టాలీ నడపొచ్చు కదా.

అకౌంట్ల_ఆది
ఇంట్లో బాయి తవ్వి, బాయిలో ట్యాంకు కట్టి, ట్యాంకులోంచి చెంబుతో ముంచుకున్నట్టు. నేరుగా కొళాయి తిప్పుకుంటా పో.

సచివాలయం_పక్కన
వేలిముద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దగ్గరున్న పరికరానికి వేలిముద్రను ఆధార్‌కు పంపే సాఫ్టువేరు, ఆర్‌డీ సర్వీస్ అంటారు, విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇచ్చినారు, లినక్స్‌కు నాకు దొరకలేదు. నేనేం చేసినానంటే సిస్టం వదిలేసి ఫోనుకే ఓటీజీ వైరుతో తగిలించినా. ముసలోళ్లకు కుర్చీ కాడికే ఫోన్ తీసుకుపోయి వేలు పెట్టించుకోవచ్చు, లేవనక్కర్లేదు. సీనన్నా, ఆ ఒక్క పని కోసం సిస్టం ఆపుకోవద్దు.

జిరాక్స్_సీనా
ఇది నాకు తట్టనే లేదు. ఫోన్ మా ఆడమనిషి కూడా చూసుకుంటాది. మంచి మాట చెప్పినావ్.

టీచరమ్మ_ఆదోని
నా అనుభవం కొంచెం పొడుగ్గా రాస్తాను. మా బడికి ఒక దాత ఎనిమిది పాత కంప్యూటర్లు ఇచ్చారు. ఏటికొక సారి ఎవరో వచ్చి ఫార్మాట్ చేసి పోయేవారు, నెలలోపు మళ్లీ మూల పడేవి. కారణం ఏమిటంటే పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవులు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయే ఆ వైరస్ అందరికీ తెలిసిందే. మా తమ్ముడు వచ్చి ఎనిమిదింటికీ మింట్ వేశాడు. రెండేళ్లయింది. పెన్‌డ్రైవులు ఇప్పటికీ వస్తున్నాయి, వైరసూ వస్తోంది, కానీ ఆ విండోస్ ఫైలు ఇక్కడ ఊరికే పడి ఉంటుంది. పిల్లలే దాన్ని చూసి "టీచర్, పురుగు వచ్చింది" అని డిలీట్ చేస్తారు.

కేరళలో ప్రభుత్వ బడులన్నీ ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. మనవాళ్లకు చెబితే "పిల్లలు రేపు ఉద్యోగాల్లో విండోస్ వాడాలి కదా" అంటారు. ఆరో తరగతి పిల్లకు మౌస్ పట్టుకోవడం, ఫైలు దాచుకోవడం, పేరు తెలుగులో టైపు చేయడం రావాలి. అది ఏ కంప్యూటరైనా నేర్పుతుంది.

కష్టం కూడా చెప్పాలి. ఒకసారి అప్‌డేట్ జరుగుతుంటే కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఆదోనిలో ఎవరిని పిలిచినా "విండోస్ అయితే వస్తాను మేడం" అన్నారు. చివరికి తమ్ముడు ఫోన్లో ఒక్కొక్క అక్షరం చెబుతుంటే నేను కొట్టాను. సిస్టం పాత స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ పెట్టి ఉండటంతో పాత స్థితికి తిరిగొచ్చింది. లినక్స్‌లో నాకు తగిలిన పెద్ద లోటు ఇదే. చెడితే బాగుచేసే మనిషి ఊళ్లో ఉండడు.

ఏడురోడ్లు_సర్వీస్
టీచరమ్మ చెప్పింది మా మీదికే వస్తాది, నిజమే. మేము నేర్చుకోలా. విండోస్ ఫార్మాట్‌కు ఐదొందలు వస్తాయి, ఆరు నెలలకు మళ్లీ వస్తారు. లినక్స్ ఏసిస్తే మళ్లీ రారు. నేనెందుకు నేర్చుకుంటా చెప్పండి!

కొండారెడ్డి_బురుజు
ఈయనొక్కడే దీంట్లో నిజాయితీపరుడు.

పెన్నా_ఇసుక
అందరూ ఉచితం ఉచితం అంటాండారు. మన షాపుల్లో విండోస్ ఎవరు కొన్నారు సామీ? అది కూడా ఉచితంగానే వాడుకుంటాండాం కదా.

టెర్మినల్_తిక్కోడు
క్రాక్ చేసే ఫైలు వెంట ఏమేం వస్తుందో తెలిసే వాడుతున్నారా? కస్టమర్ల ఆధార్ స్కాన్లు, బ్యాంకు పాస్‌బుక్కులు అన్నీ ఆ సిస్టంలోనే ఉంటాయి.

పెన్నా_ఇసుక
అది మాత్రం పాయింటే.

కొండారెడ్డి_బురుజు
కొనుక్కున్న విండోస్ 10 ఉంటే ఇంకో దారి ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో పేరు నమోదు చేసుకుంటే ఒక ఏడాది అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తాండారు, 2026 అక్టోబర్ 13 దాకా. అది ఇండ్లలో వాడుకునేవాళ్లకు పెట్టింది. అంతలోపల నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఆల్బం_అన్వర్
ఫొటోల సంగతి నేను చెప్తా. ఫోటోషాప్ లినక్స్‌కు లేదు. దాని బదులు ఉచితంగా దొరికే జింప్ ఉంది, దాంట్లో 3వ వెర్షన్ వచ్చింది 2025లో, ముందుకంటే చానా బాగుంది, దండం పెడతా. కానీ నా చేతి వేళ్లు ఇరవై ఏండ్లుగా ఫోటోషాప్‌లో తిరిగినాయి. కరిజ్మా ఆల్బం నలభై షీట్లు రెండు రోజుల్లో ఇవ్వాల, అప్పుడు కొత్త మెనూల్లో వెతుక్కోలేను. వీడియోకు డావిన్సీ రిజాల్వ్ లినక్స్‌కు ఉంది గానీ, ఉచిత వెర్షన్ లినక్స్‌లో హెచ్.264 రకం వీడియో తీసుకోదు. నా కెమెరాలోంచి వచ్చేదంతా అదే కదా. ముందుగా మార్చుకోని పెట్టుకోవాల. అంత ఓపిక ఉంటే నేను రెండో పెండ్లి ఆల్బం కూడా చేస్తా, నాది.

పెన్నా_ఇసుక
ఇంట్లో చెప్పమంటావా అన్వర్ భాయ్?

హాస్టల్_పిల్లోడు
నా ఏడుపు కూడా రాసుకోండి. ఒక కంపెనీ ప్లేస్‌మెంట్ పరీక్షకు వేరే ఏదీ తెరవనీయని వాళ్ల లాక్‌డౌన్ బ్రౌజర్ విండోస్‌లో మాత్రమే అన్నారు. రాత్రికి రాత్రి స్నేహితుడి ల్యాప్‌టాప్ అడుక్కున్నా. వాలొరెంట్ గేమ్ కూడా నడవదు, దాంట్లో మోసాలు పట్టుకునే యాంటీచీట్ లినక్స్‌ను ఒప్పుకోదు. మా అమ్మ మాత్రం అందుకే లినక్స్ మంచిదంటుంది.

జిరాక్స్_సీనా
ఇన్ని చెప్పినారు, సంతోషం. ఆదివారం మేనల్లుడు వచ్చి పెన్‌డ్రైవ్‌లో మింట్ పెట్టి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా అట్లే నడిపి చూపిచ్చినాడు. చూసింది చూసినట్టు రాస్తా.

వైఫై అడాప్టర్ కనపడలా. ఫోన్‌ను వైరుతో తగిలించి నెట్ ఇస్తే, ఎక్కిచ్చినాక డ్రైవర్ మేనేజర్‌లో అదే దొరుకుతాదన్నాడు. జిరాక్స్ మిషన్ నెట్‌వర్క్‌లో ఉంది, అడగకుండానే అదే వచ్చి కూర్చుంది, ప్రింటు పడింది. స్కానర్ కూడా అంతే. మిషన్ తగిలిచ్చినాక డ్రైవర్ సీడీ వెతకని రోజు నా జీవితంలో ఇదే.

కానీ నా చిన్న లేజర్ ప్రింటర్ ఉంది కదా, ప్రతి షాపులో ఉండే ఆ తెల్ల డబ్బా, అది మాత్రం మొండికేసింది. రెండు గంటలు పాయ. ఒక కాగితం పడింది, రెండోదానికి నిద్రపోయింది.

కొండారెడ్డి_బురుజు
ఆ డబ్బాతో నేనూ తల కొట్టుకున్నా. విండోస్ సిస్టానికి తగిలిచ్చి ఉంచు, లినక్స్ సిస్టాల్లో పీడీఎఫ్ చేసి షేర్ ఫోల్డర్‌లో పడెయ్. అక్కడ్నుంచి కొట్టు. మళ్లీ ప్రింటర్ కొనేటప్పుడు డ్రైవర్ లేకుండా నడిచే నెట్‌వర్క్ ప్రింటర్ చూసుకో. ఫోన్లోంచి నేరుగా ప్రింటు తీసేది అయితే దాదాపుగా లినక్స్‌లోనూ నడుస్తాది.

జిరాక్స్_సీనా
ఇంకోటి. కస్టమర్ తెచ్చే వర్డ్ ఫైలు, మింట్‌లో వర్డ్ బదులు ఉండే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే బయోడేటా ఒక పేజీది రెండు పేజీలు అయితాంది. ఆ పిల్లోడు నా మొగం చూసినాడు, నేనేదో చెడగొట్టినట్టు.

టెర్మినల్_తిక్కోడు
కాలిబ్రి ఫాంట్ లేక అట్లయితుంది. కార్లిటో అని ఫాంట్ ఉంది, అక్షరాల వెడల్పు కాలిబ్రితో సమానం. కాంబ్రియాకు కాలడియా. అవి రెండూ వేసుకుంటే చాలావరకు లైన్లు కదలవు. తెలుగు ఫైల్లో గౌతమి ఫాంట్ వాడింటే మాత్రం రూపం మారుతుంది.

టీచరమ్మ_ఆదోని
గళ్లు, బొమ్మలు ఎక్కువున్న ఫైలు ఫాంట్ ఉన్నా కదులుతుంది తిక్కోడు గారూ. నాకు మార్కుల పట్టికలతో అనుభవం. "పీడీఎఫ్ తెచ్చుకోండి" అని షాపులో బోర్డు పెట్టేయండి సీనా గారూ, సగం గొడవ తీరుతుంది.

జిరాక్స్_సీనా
పది రోజులయింది. రెండు సిస్టాలకు మింట్ ఎక్కిచ్చినా, ఎస్‌ఎస్‌డీలతో. కస్టమర్లు కూర్చునేవి అవే. హాల్‌టికెట్లు, అప్లికేషన్లు అన్నిటికీ బ్రౌజరే కదా, ఎవరూ తేడా కనుక్కోలా. ఒకాయన మాత్రం "గోడ మీద బొమ్మ మార్చినావే" అన్నాడు. మూడో దాంట్లో విండోస్ ఉంచి పక్కన మింట్ కూడా పెట్టినా. డీటీపీ సిస్టం ముట్టుకోలా. కొత్తదాని మీద డబ్బా ప్రింటర్.

ఇప్పుడు మూడో దాంట్లో ఇంకో వింత. మింట్ వాడి విండోస్‌లోకి పోతే గడియారం ఐదున్నర గంటలు ఎనక్కి పోతాంది. పొద్దున పదికి షాపు తెరిస్తే నాలుగున్నర అని చూపిస్తాంది. బ్యాంకు సైటు కూడా తెరుచుకోలా.

హాస్టల్_పిల్లోడు
లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ టైము రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమని చదువుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఐదున్నర గంటలు కదా, అదే తేడా. టెర్మినల్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అని కొట్టు, సర్దుకుంటుంది.

పెన్నా_ఇసుక
లోకల్ ఆర్టీసీ అంటే ఇంకా లేటయితాది కదప్పా. ఎక్స్‌ప్రెస్ పెట్టమను.

జిరాక్స్_సీనా
టైము కుదిరింది. ఆర్టీసీ జోకు మా షాపులో అందరికీ చెప్పినా.

తిక్కోడూ, ఒక సాయం. విండోస్‌లో ఫోటోషాప్‌లో ఒక్క బటన్ నొక్కితే 4×6 కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు పడేవి. జింప్‌లో ఒక్కోటి అతికిచ్చేసరికి కస్టమర్ ఉగ్గాని తిని వస్తానని పోయి, పక్క షాపులో తీయించుకున్నాడు.

టెర్మినల్_తిక్కోడు
దానికి జింప్ ఎందుకు. కమాండ్లతో ఫొటోలు సర్దే ఇమేజ్‌మ్యాజిక్‌తో చిన్న స్క్రిప్టు రాసిస్తా. ఫొటో 35×45 మిల్లీమీటర్లు, 300 డీపీఐ లెక్కన 413×531 పిక్సెళ్లు. నాలుగు వరసకు, రెండు వరసలు. 1800×1200 షీటు మీద సరిగ్గా కూర్చుంటాయి. డెస్క్‌టాప్ మీద బొమ్మ పెట్టుకుని ఫొటోను దాని మీదికి లాగితే చాలు. రాత్రికి పంపుతా. అప్లికేషన్లకు 50 కేబీ లోపల కుదించేది ఇంకోటి కూడా.

అకౌంట్ల_ఆది
నెల రోజులుగా ఈ తిక్కోడు చెప్పిన మొదటి పనికొచ్చే మాట.

జిరాక్స్_సీనా
50 కేబీది బంగారం. దాని కోసమే మింట్ వాడొచ్చు. ఇంతకు ముందు ఏదో సైట్లోకి కస్టమర్ ఫొటో ఎక్కిచ్చి కుదించేవాణ్ణి, అది ఎవరి సైటో కూడా తెలీదు.

పాస్‌పోర్టుది కూడా నడిపినా. రెండు సెకండ్లలో వచ్చింది. ఎనిమిది మందీ పండుకోనుండారు.

టెర్మినల్_తిక్కోడు
పండుకోనుండారా?

జిరాక్స్_సీనా
అడ్డంగా. తల ఎడమ పక్కకు, కాలర్ కుడి పక్కకు. కస్టమర్ చూసి భయపడినాడు.

టెర్మినల్_తిక్కోడు
ఫోన్‌తో తీసిన ఫొటో కదా. ఫోన్ అడ్డంగానే దాచి, "తిప్పి చూపించు" అని పక్కన చీటీ పెడుతుంది. స్క్రిప్టులో ఫొటో పేరు తర్వాత "-ఆటో-ఓరియెంట్" అని ఒక ముక్క చేర్చు.

జిరాక్స్_సీనా
లేసి కూర్చున్నారు.